ఆరో బెల్టు

నంద్యాల,
ఆదివారం పగలు.

నాయన గారికి ఓబులేసు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయి. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానో కింద తెలుస్తుంది. అక్కడ మీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ దగ్గు ఎలా ఉంది? అన్నా వదినా బాగున్నారా? తమ్ముడు శేషు పనికి వంగుతున్నాడా, ఇంకా అరుగుల మీదనే ఉంటున్నాడా? ఎర్రావు ఈనిందో లేదో రాయండి.

మీ కార్డు వచ్చి పది రోజులైంది. శేషును నా దగ్గరికి పంపిస్తామనీ, హెల్పరుగా పెట్టించమనీ రాశారు. దానికి ఇప్పుడే సరేనని రాయలేను. మొన్న మంగళవారం నేను ఒక పొరపాటు చేశాను. దాంతో ఒక మనిషి చనిపోయేవాడు. చనిపోలేదు. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కానీ వచ్చే బుధవారం ఓవర్సీరు వస్తున్నాడు. నన్ను లైన్‌మన్ చేసేదీ, అసలు ఉంచేదీ తీసేదీ ఆ రోజు తేలుతుంది. ఈ ఉత్తరాన్ని అమ్మ పక్కన కూర్చున్నప్పుడే చదవండి. ఆమె వినాల్సింది ఇందులో ఉంది. భయపడవద్దని ముందే చెప్పండి.

ముందు ఇక్కడి సంగతులు రాస్తాను. రైలు కట్టకు ఇవతల ఒక రేకుల గదిలో మా గ్యాంగువాళ్లతో కలిసి ఉంటున్నాను. వానలు వెనకబట్టాయి. పొద్దున పూట నల్లమల వైపు నుంచి చలిగాలి వస్తోంది, కంబళి ఒకటి కావాలి. అన్నం ఒక ముసలామె పెట్టిన పూటకూళ్ల ఇంట్లో. రెండు పూటలా వరి అన్నమే. మొదటి నెల అది పండగలాగా ఉండేది. ఇప్పుడు తిన్న గంటకే ఆకలి అవుతుంది. జొన్న రొట్టెకు అలవాటు పడిన కడుపు కదా. ఊర్లో శెట్టి గురువారం గురువారం నంద్యాలకు సరుకుకు వస్తాడు కాబట్టి, ఆయన చేతికి కంబళి, కొంచెం వేరుశనగ బుడ్డల పొడి ఇచ్చి పంపండి. రొట్టెలు వద్దు, ఎండిపోతాయి.

ఆళ్లగడ్డకు కరెంటు ఎప్పుడొస్తుందని శెట్టి అడుగుతున్నాడని రాశారు. తుంగభద్ర కరెంటు నంద్యాలకు వచ్చింది గానీ, ఆళ్లగడ్డ బాటలో స్తంభాలు ఇంకా సగం దూరం కూడా రాలేదు. నల్లరేగడిలో గుంత తవ్వితే తెల్లారేసరికి నీళ్లు ఊరుతాయి. నాటిన స్తంభం వారం తిరగకముందే ఒరుగుతుంది, మళ్లీ నిలబెట్టాలి. ఒక రైతు తన చేనులో మేం నాటిన స్తంభం చుట్టూ తిరిగి చూసి, "ఇది ఎన్నేండ్లకు కాపుకొస్తాదప్పా?" అన్నాడు. మా మేస్త్రీ, "నీ మనవని పెండ్లికి కాస్తాది. నీళ్లు మాత్రం పొయ్యొద్దు" అన్నాడు. పగలంతా ఇలాంటి మాటలతో గడిచిపోతుంది. ఆదివారం మాత్రం తోచదు. గుడ్డలు ఉతుక్కుంటాను, కుందూ ఒడ్డుకు పోయి వస్తాను, మళ్లీ గదికి వస్తాను.

ఇక జరిగింది రాస్తాను. మీకు మా పని తెలియదు కాబట్టి అది కొంచెం చెప్పాలి.

తీగలో కరెంటు ఉన్నప్పుడు స్తంభం ఎక్కకూడదు. అందుకని పనికి ముందు నంద్యాల కరెంటు స్టేషనుకు పోయి అడుగుతాం. వాళ్లు ఆ తీగకు స్విచ్చి దించి, తాళం వేసి, పుస్తకంలోంచి ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీ మా దగ్గర ఉన్నంతవరకూ ఎవరు చెప్పినా వాళ్లు కరెంటు వదలరు. పని అయిపోయాక, మనుషులందరూ దిగారని ఆ చీటీ మీద రాసి మేస్త్రీ సంతకం పెడతాడు. అది తిరిగి అందిన నిమిషంలో స్విచ్చి ఎక్కుతుంది. అందరూ దిగారో లేదో చూసి మేస్త్రీకి చెప్పడం నా పని. చీటీ సైకిలు మీద తీసుకుపోవడం కూడా నా పనే.

మేస్త్రీ పేరు హుసేను. మద్రాసు వైపు ఇరవై ఏళ్లు తీగలు లాగిన మనిషి. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. నేనంటే ఆయనకు నమ్మకం. ఈసారి లైన్‌మన్‌గా నా పేరు ఓవర్సీరుకు చెప్పింది కూడా ఆయనే.

మంగళవారం ఆళ్లగడ్డ బాటలో ఒక బియ్యం మిల్లు దగ్గర పని. మిల్లుకు కరెంటు పోయే తీగను స్తంభానికి తగలకుండా పట్టే పింగాణీ గిన్నెలు పిడుగుల వానకు పగిలాయి, అవి మార్చాలి. మా బండిలో ఆరు బెల్టులు ఉంటాయి, ఎక్కేవాళ్లకు మనిషికొకటి. స్తంభానికీ నడుముకూ కలిపి బిగించుకునే తోలు బెల్టులు అవి. పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు మద్దిలేటి తన బెల్టు తీసి చూశాడు. మద్దిలేటిది డోను పక్క మెట్ట ఊరు, నాకంటే పెద్దవాడు. బెల్టు కొక్కెం విరిగిపోయి ఉంది.

"ఇది చచ్చిందప్పా. మోకు ఇయ్యి" అన్నాడు.

"మేస్త్రీకి చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తే కొత్తది ఆకాశం నుంచి పడతాదా? కొత్తవి అడిగి యెన్ని వారాలాయ? ఇయ్యి బేగా."

నేనే బండిలోంచి మోకు తీసి ఇచ్చాను. విరిగిన బెల్టును అతను బండిలోకి విసిరి, మోకు నడుముకు చుట్టుకుని పోయాడు. నేను చూస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం దాకా పని సాగింది. మిల్లు గుమాస్తా పొద్దుటి నుంచీ వచ్చి పోతూనే ఉన్నాడు. "ఏమప్పా, ఇంగా ఎంతసేపు? వడ్లు నానబోసుకోని కూచ్చోనుండాం. మొలకలొస్తే మీరు తింటారా?" అని గొణిగాడు. దిగినవాళ్లు దిగినట్టు వచ్చి బెల్టులు బండిలో పడేసి మిల్లు గోడ నీడన కూర్చున్నారు. "అందరూ దిగినారా రా?" అని మేస్త్రీ అడిగాడు. నేను బండి దగ్గరికి పోయి బెల్టులు లెక్కపెట్టాను. ఆరు. "సరిపోయింది మేస్త్రీ" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాను.

మనుషులను చూడక బెల్టులను ఎందుకు లెక్కపెట్టావని మీరు అడగరు. మీకు తెలుసు. మన ఇంట్లో మనుషులను లెక్కపెట్టడం లేదు. అమ్మ అన్నానికి పిలిచేటప్పుడు తినే తట్టలు లెక్కపెట్టి వేసేది, పిల్లలను కాదు. మీరు సాయంత్రం కొట్టంలో పలుపులు చూసి గొడ్లన్నీ వచ్చాయో లేదో చెప్పేవారు. ఎవరైనా అమ్మను పిల్లలెందరని అడిగితే "దేవుడిచ్చినంత మంది ఉండారు లే" అనేది. ఈ పనిలో చేరినప్పటి నుంచీ నేను అలాగే చేస్తూ వచ్చాను. బెల్టులు చూస్తే మనుషులను చూసినట్టే అనుకున్నాను. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

స్టేషనుకు పోయే దారిలో రైలు గేటు ఉంది. నేను చేరేసరికి గేటు వేశారు. డోను వైపు నుంచి గూడ్సు బండి వస్తోంది. వడ్ల బండ్ల వెనక సైకిలు దిగి నిలబడ్డాను. ఆ గూడ్సు ఎంతసేపటికీ తెగలేదు. ముందున్న బండివాడు, "ఇది మా అత్త నోరు మాదిరి ఉండాదే! ఎన్ని పెట్టెలు పెద్దాయనా?" అని గేటు ముసలాయన్ను అడిగాడు.

"నాకేం తెలుసప్పా? నేను పెట్టెలు లెక్కపెట్టను."

"మరేం చూస్తాండావ్ అంత కండ్లు పెట్టుకోని?"

"ఆఖరి పెట్టెకు ఎర్రబిళ్ల ఉండాల. అది పోతేనే బండి పోయినట్టు. లేదంటే తెగి యాడో నిలబడినట్టే. ముందుండే ఇంజన్ను చూసి గేటు తీస్తే నిన్నూ నీ ఎద్దుల్నీ ఈడనే పూడ్చాల."

ఆ మాటకు అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎర్రబిళ్ల పోయింది, ముసలాయన గేటు తీశాడు, బండ్లు కదిలాయి. నా మనసు మాత్రం మా ఆఖరి స్తంభం దగ్గరికి పోయింది. అది మిల్లు వెనక, వరిగడ్డి వామికి అవతల ఉంది. దాన్ని ఎక్కింది మద్దిలేటి. మద్దిలేటి దగ్గర మోకు ఉంది. నేను లెక్కపెట్టిన ఆరో బెల్టు పొద్దుటి నుంచీ బండిలోనే పడి ఉన్న విరిగిన బెల్టు.

సైకిలు తిప్పాను. వెనక బండివాళ్లు తిట్టారు. చీటీ నా జేబులో ఉన్నంతవరకు కరెంటు రాదని నాకు తెలుసు. తెలిసినా, ఆ రెండు మైళ్లలో జేబును ఎన్నిసార్లు తడిమి చూశానో లెక్కలేదు. స్టేషనులో ఎవరైనా తొందరపడి ఉంటే? గుమాస్తా వేరే మనిషిని పంపి ఉంటే? ఇలాంటివే వచ్చాయి. బాటలో గుంతలు కూడా కనబడలేదు.

మిల్లు దగ్గర సైకిలు పడేసి వామి వెనక్కి పరుగెత్తాను. మద్దిలేటి స్తంభం మీదే ఉన్నాడు. మోకు మీద వెనక్కి వాలి, తీగను గిన్నెకు చుడుతున్నాడు. రెండు చేతులూ తీగ మీద ఉన్నాయి.

"దిగు!" అని అరిచాను.

"ఏందిరా, కరెంటు వదిలినారా?" అని నవ్వాడు.

"దిగన్నా, నీ కాళ్లు మొక్కుతా."

"ఇంగొక్క చుట్టు ఉండాది. దిగుతాండా లే."

ఆ చుట్టు వేసేదాకా నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. అతను దిగి నా ముఖం చూశాడు. చీటీ బయటికి తీసి చూపించాను. అతను పోయి వామి నీడన కూర్చుని, ఎండుగడ్డి ఒక పోచ తీసి నములుతూ ఉండిపోయాడు.

నేను చెప్పకపోతే ఇది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. కానీ పరుగెత్తడం అందరూ చూశారు. మేస్త్రీ వచ్చి మద్దిలేటిని చూశాడు, నన్ను చూశాడు, చీటీ తీసుకున్నాడు. చాలా మెల్లగా, "నా చేత్తో వానికి పాడె కట్టించేవాడివి కదరా" అన్నాడు. తర్వాత అందరినీ వరసగా కూర్చోబెట్టి, "లెక్కపెట్టు. తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టు" అన్నాడు.

మొదటి తల మీద చెయ్యి వేశాను. ఒకటి అనడానికి నోరు రాలేదు. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతకు ఒకటి అనకుండా మీరు అనే మాటే వచ్చింది. "లాభం" అన్నాను.

అందరూ పక్కలు పట్టుకుని నవ్వారు. "లాభమేందిరా, ఇవి వడ్లా?" అన్నాడు ఒకడు. "మద్దిలేటిని నష్టంలో రాసుకో" అన్నాడు ఇంకొకడు. మేస్త్రీ నవ్వలేదు. ఎందుకలా అన్నావని అడిగాడు. మన ఇంటి పద్ధతి చెప్పాను. ఆయన, "మా అమ్మ కూడా ఇంతే. కానీ మా అమ్మ స్తంభాల కింద నిలబడలేదు" అన్నాడు.

ఆ రోజుకు నా చేతికి మళ్లీ చీటీ ఇవ్వలేదు, తానే తీసుకుపోయాడు. చీటీ మీద మేస్త్రీ ముందు రాసిన గంట వేరు, అది స్టేషనుకు అందిన గంట వేరు. మధ్యలో గంటకు పైగా తేడా వచ్చింది. పుస్తకంలో చీటీలకు అంకెలు ఉంటాయి, చించడానికి వీల్లేదు. ఎందుకు ఆలస్యమైందో మేస్త్రీ రాసి ఇవ్వాలి. సాయంత్రం ఆయన నన్ను పిలిచి చెప్పాడు. "ఓవర్సీరు ఇంగో వారానికి, బుధవారం వస్తాడు. సైకిలుకు ముల్లు గుచ్చుకుందని రాస్తే ముగ్గురం బతుకుతాం. ఉండేది రాస్తే ముగ్గురికీ దెబ్బే. నా సంతకం నా మెడకు చుట్టుకుంటాది. కానీ ముల్లని రాస్తే, రేపు నువ్వు మళ్లీ బెల్టులే లెక్కపెడతావు. నువ్వే చెప్పు."

మద్దిలేటి ఆ రోజు గదిలో నా చెయ్యి పట్టుకున్నాడు. "ముల్లని రాయమను ఓబులేసు. బెల్టు లేకుండా ఎక్కినానని తెలిస్తే నన్ను తీసేస్తారు. మా ఊర్లో ఏముండాదని పోవాల? వానకు చూసే చేను. బిడ్డలుండారు." ఎందరని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

బుధ, గురు, శుక్రవారాలు నిద్ర సరిగా పట్టలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆకలి లేదు, లేస్తే ఆకలి. నిన్న శనివారం మేస్త్రీతో ఉన్నది రాయమని చెప్పాను. మోకు తీసి ఇచ్చింది నేనేననీ, విరిగిన బెల్టు సంగతి మేస్త్రీకి చెప్పనిది కూడా నేనేననీ రాయమన్నాను. అది అబద్ధం కాదు. మద్దిలేటి మీద ఎంత తక్కువ పడితే అంత మేలు. మేస్త్రీ "సరే" అన్నాడు. మద్దిలేటి అప్పటి నుంచీ నాతో మాట్లాడడం లేదు. వేరే పంక్తిలో కూర్చుని తింటున్నాడు. అతను చచ్చేవాడు, బతికాడు, ఇప్పుడు నా వల్ల కూడు పోతుందేమోనని భయపడుతున్నాడు. నేను చేసింది మంచో చెడో బుధవారం దాకా నాకు కూడా తెలియదు.

అమ్మా, ఇక్కడి నుంచి నీకు రాస్తున్నాను. నాయన నిదానంగా చదువుతాడు, విను. పెద్దమ్మ ఇంటి పెండ్లిలో ఎవరో ఆడమనిషి మనల్ని వరసగా కూర్చోబెట్టి వేళ్లు మడిచి లెక్కపెట్టిందనీ, ఆ నెలలోనే అక్క జ్వరం వచ్చి చనిపోయిందనీ నువ్వు చెప్పావు. ఆ రోజు నుంచి మన ఇంట్లో లెక్క లేదు. అది నిజమో కాదో నాకు తెలియదు, నీతో వాదించను. కానీ నీ తట్టల లెక్క వేరు. తట్ట ముందు బిడ్డ లేకపోతే నీకు కనబడేది, పేరు పెట్టి కేకేసేదానివి. బెల్టు బండిలో పడి ఉంటే మనిషి ఎక్కడున్నాడో అది చెప్పదు. ఆ తేడా నాకు ముందే తట్టలేదు.

ఇప్పుడు ప్రతి సాయంత్రం మేస్త్రీ నా చేత తలలు లెక్కపెట్టిస్తున్నాడు. ఒక్కొక్క తల మీద చెయ్యి వేసి, పైకి వినబడేటట్టు. నిన్న మద్దిలేటి తల తట్టించుకున్నాడు గానీ ముఖం అటు తిప్పుకున్నాడు. నన్ను ఉంచితే బతికినంత కాలం ఇదే చేయాలి. నువ్వు వద్దంటే చేయలేను. చేస్తే నీ మాట దాటినట్టుంటుంది. అందుకని నువ్వు సరే అన్నావో లేదో నాయన చేత ఒక్క ముక్క రాయించు. కార్డు బుధవారానికి అందకపోయినా ఫరవాలేదు.

శేషు సంగతి. నాయనా, వాడిని ఇప్పుడే పంపవద్దు. నన్ను తీసేస్తే నేనే అక్కడికి వస్తాను, ఇద్దరం చేను చూసుకుంటాం. ఉంచితే రాస్తాను, అప్పుడు పంపండి. వాడు ఎక్కే రోజు వాడి తల మీద కూడా చెయ్యి వేయాలి. వాడికి అది ముందే చెప్పి ఉంచండి, నవ్వకూడదు. ఇంటి చుట్టుపక్కల పెద్దలకు నా దండాలు చెప్పండి. శెట్టికి కరెంటు గురించి ఏమీ చెప్పవద్దు, ఇంకా చాలా దూరం ఉంది.

ఉత్తరం చివర ఇంట్లోవాళ్లను పేరుపేరునా అడిగానని రాయాలి కదా. ఈసారి ఇలా రాస్తున్నాను. నాయన, ఒకటి. అమ్మ, రెండు. అన్న, మూడు. వదిన, నాలుగు. శేషు, ఐదు. ఇక్కడ నేను, ఆరు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసినట్టే అనుకుని లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు.

తప్పని అమ్మకు అనిపిస్తే ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేయమనండి. నాకు కూడా కలిపి తీయమనండి.

మీ దీవెన కోసం చూస్తూ,
మీ కొడుకు
ఓబులేసు